వాలి పన్ను

మా అమ్మ పోయిన పద్నాలుగో రోజున, చుట్టాలందరూ సర్దుకుని వెళ్ళిపోయాక, మా తమ్ముడి భార్య పద్మ అమ్మ ట్రంకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "మీ చేత్తో మీరే తియ్యండి వదినగారూ, రేపేదైనా కనపడలేదంటే నా మెడకి చుట్టుకుంటుంది" అంది. పద్మ అంతే. మనసులో ఏ కల్మషమూ ఉండదు, నోటికేదొస్తే అది అనేస్తుంది. ఇన్నేళ్ళూ మా అమ్మని కళ్ళలో పెట్టుకుని చూసుకున్న మనిషి, ఆ మాత్రం అనే హక్కు ఉందిలే అని ఊరుకున్నాను. పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. నాలుగు నేతచీరలు, కలరా ఉండల వాసన, నాన్న కళ్ళజోడు, తమ్ముడి చిన్నప్పటి మొలతాడు తెగిన ముక్క. అడుగున ఒక పాత పౌడరు డబ్బా. మూత తుప్పు పట్టి రాకపోతే పద్మ చెంచా కాడతో పెకలించింది. లోపల మెత్తగా అరిగిపోయిన తెల్లగుడ్డలో చుట్టి ఒక పన్ను ఉంది.

"అయ్యబాబోయ్, ఏంటండీ ఇది? గేదె పన్నా?" అంటూ పద్మ వెనక్కి జరిగింది. "వాలి పన్ను" అన్నాను. "వాలంటే? రామాయణంలో వాలా?" "ఆఁ, ఆ వాలే." ఆవిడకి నవ్వాగలేదు. కర్మలు జరిగిన ఇంట్లో నవ్వకూడదని పాపం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆ పన్నుని మా నాన్న కాలవలోకి విసిరెయ్యడం నేను నా కళ్ళతో చూశాను. అరవై ఏళ్ళు కావొస్తోంది. అది ఎప్పుడో సముద్రంలో కలిసిపోయుంటుందనుకున్నాను. తీరా చూస్తే మా అమ్మ మంచం కింద పెట్టెలో ఉంది. నేను ఊరొచ్చిన ప్రతిసారీ ఆ పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

మా తాతయ్యని నేను చూడలేదు. వయసులో ఉండగా రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేశాడట. మిల్లు పక్కనే ఒక చైనా ఆయన మందుల కొట్టు ఉండేదట. వేళ్ళూ బెరళ్ళూ ఎండిన తేళ్ళూ జాడీల్లో పెట్టి అమ్మేవాడు, ఒక జాడీ నిండా మాత్రం పళ్ళే. ఏ జంతువులవో ఎవరికీ తెలీని పాతకాలం పళ్ళు. వాళ్ళ దేశంలో వాటిని డ్రాగన్ పళ్ళంటారు, పొడి కొట్టి పిల్లల మూర్ఛకీ జడుపుకీ ఇస్తారు. తాతయ్య తిరిగొచ్చేటప్పుడు ఆ చైనా ఆయన స్నేహం కొద్దీ ఒక పెద్ద పన్ను తీసి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చాక డ్రాగన్ అంటే ఎవరికి అర్థమవుతుంది మా ఊళ్ళో? పన్ను చూస్తే అచ్చం మనిషి దవడ పన్ను, కాకపోతే పెద్ద ఉసిరికాయంత. వేళ్ళు లేవు, పాత బెల్లం రంగు. మనిషిలా ఉండి మనిషి కానివాడు, అంత నోరున్నవాడు ఎవరు? వాలి. ఇంకెవరు! మా తాతయ్య అలా తేల్చేశాడు, మా నాయనమ్మ దానికి పురాణం కట్టింది.

రాముడు చెట్టు చాటునుంచి బాణం వేసినప్పుడు వాలి పళ్ళు పటపటా కొరికాడట. ఆ కొరకడంలో ఒక దవడ పన్ను ఊడి సముద్రంలో పడి, అలలకి కొట్టుకుపోయి రంగూన్ ఒడ్డున తేలిందట. "పళ్ళు తేలతాయా నాయనమ్మా?" అంటే "వాలి పన్ను తేలుతుందే. నీ పన్నయితే మునుగుతుంది" అనేది. మా నాయనమ్మకి రాముడంటే భక్తే, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించేది కాదు. "దేవుడైతే మాత్రం, ఎదురుగా నిలబడి కొట్టొద్దూ?" అని శ్రీరామనవమి పానకం కలుపుతూ కూడా సణిగేది. కనపడని చోటునుంచి వచ్చే దెబ్బ ఎలా ఉంటుందో వాలికి తెలుసు, అందుకే కనపడకుండా పిల్లల్ని పట్టుకునే దిష్టీ జడుపూ మూర్ఛా జ్వరమూ అన్నిటి మీదా వాడి పన్ను పనిచేస్తుందని ఆవిడ సిద్ధాంతం. ఎంత ముచ్చటైన సిద్ధాంతమో చూడండి. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది, కానీ ఇంతకన్నా అందంగా అబద్ధం అల్లిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పొద్దున్నే మా ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు తల్లులుండేవారు. పెరట్లో దాలి మీద పాలకుండ ఎర్రగా కాగుతూ ఉండేది, ఆ మీగడ వాసనా పేడపిడకల పొగా కలిసి ఇల్లంతా పట్టేవి. నాయనమ్మ స్నానం చేసి తడిజుట్టు ముడేసుకుని, గూట్లోంచి సానరాయి తీసి అరుగు మీద పెట్టేది. మామూలు పిల్లలకి వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మా ఇంట్లో వసకొమ్ముతోపాటు పన్ను. తల్లి ఉగ్గుగిన్నెలోకి నాలుగు చుక్కలు పాలు పిండి ఇస్తే, ఆ పాలతో రాయి తడిపి, పన్నుని బోర్లా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. పళ్ళొచ్చే బాధకి మూడు తిప్పులు, జ్వరానికి ఏడు, మూర్ఛకి ఇరవై ఒకటి. తిప్పుతున్నంతసేపూ మాట్లాడకూడదు. పన్ను రాయి మీద తిరుగుతుంటే తడిసిన సున్నం వాసన వచ్చేది. గంధం కన్నా పలచగా, పసుపు కలిసిన తెలుపులో ఇంత ముద్ద తేలేది. దాన్ని చిటికెన వేలితో తీసి పిల్ల నాలిక మీద రాసేవాళ్ళం.

అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటుంది. పన్ను రాశాక మూడు పొద్దులపాటు ఎవరడిగినా "తగ్గింది" అనాలి. తగ్గకపోయినా తగ్గిందనే అనాలి. "ఇంకా ఉందండీ" అన్నారో, అది వాలికి అవమానం, మందు వెనక్కి పోతుంది. ఇది ఊరందరికీ తెలుసు. అందుకని పన్ను రాసిన ఇంటికి పలకరింపుకెళ్ళిన వాళ్ళు జవాబు ముందే తెలిసి అడిగేవారు, ఇంట్లోవాళ్ళు తలొంచుకుని తగ్గిందండి అనేవారు. దానికి పన్ను మాట అని పేరు. ఊళ్ళో ఎవడైనా బడాయిలు పోతుంటే "ఇది పన్ను మాటా, నిజం మాటా?" అని వేళాకోళం చేసేవారు కూడా. చాలావరకు పిల్లలకి వాటంతటవే తగ్గేవి, పిల్లల జ్వరాలు అలాంటివే కదా. తగ్గని పిల్లల సంగతి మూడు పొద్దులదాకా బయటికి వచ్చేది కాదు. ఆ తరవాత వచ్చినా, వాళ్ళ గ్రహచారం అనుకునేవారు. ఈ లెక్కన ఆ పన్ను ఎప్పటికీ ఓడిపోదు. ఈ సంగతి నాకు బుర్రకెక్కేసరికి నేను బీయస్సీ చదువుతున్నాను.

నాకు పదేళ్ళు నిండేసరికి నాయనమ్మ చేతులు వణకడం మొదలెట్టాయి. పన్ను పట్టు జారి రాయి మీంచి దొర్లిపోతుంటే, "రాజ్యం, నువ్వు పట్టవే" అంది ఒకరోజు. అలా నా చేతికొచ్చింది. నా అంత పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే, నేను అరుగు మీద బాసీపట్లు వేసుక్కూచుని పన్ను తిప్పేదాన్ని. నాకన్నా రెండింతల వయసున్న తల్లులు "అమ్మా, కాస్త మా వాడికి రాయండమ్మా" అని నన్ను మీరు అనేవారు. అబ్బో, ఆ పొగరు ఇంతా అంతా కాదు. బళ్ళో పంతులుగారు తిట్టినా లెక్కచేసేదాన్ని కాదు. తన తరవాత పన్ను నాదేనని నాయనమ్మ అందరిముందూ అనేసింది. మా అమ్మకి ఇదంతా ఇష్టం లేదని నాకు తెలుసు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో కాంపౌండరు దగ్గర మందు పట్టించుకునేవారట. కానీ అత్తగారి ఎదుట నోరెత్తడం ఆవిడ ఎరగదు.

నాకొక చెల్లెలుండేది. కనకదుర్గ, మేం బుజ్జి అనేవాళ్ళం. నాలుగేళ్ళు. నేను పన్ను నూరుతున్నంతసేపూ నా మోకాలికి ఆనుకుని కూచునేది. ఏ పిల్లకి రాసినా తనూ నాలిక బయటపెట్టి "నాకూ" అనేది. నీకేం జబ్బు లేదే అంటే, గభాల్న దగ్గేది దొంగముండ. చింతగింజలు బుగ్గన పెట్టుకుని రోజంతా చప్పరించేది. నిద్రపోయేముందు నా చెవి తమ్మె పట్టుకునేది, పట్టుకోకపోతే నిద్దరొచ్చేది కాదు. దాని గురించి నాకు గుర్తున్నవి ఈ నాలుగైదే. ఇంకా ఉండుంటాయి, పోయాయి. ఫోటో ఒక్కటీ లేదు. అది ఎలా ఉండేదో ముఖం గుర్తు తెచ్చుకుందామంటే ఇప్పుడు పద్మ మనవరాలి ముఖం అడ్డమొస్తుంది, అదీ నా బతుకు.

రెండో పంట దాళ్వా కోతలైపోయి నూర్పులు జరుగుతున్న రోజులు. ఎండలు మండిపోతున్నాయి, కాలవలు కట్టేశారు, ఊరంతా ధాన్యం దుమ్ము. నాన్న కళ్ళంలోనే ఉంటున్నాడు. బుజ్జికి ఒకరోజు సాయంత్రం జ్వరమొచ్చింది. పన్ను నూరాను, ఏడు తిప్పులు. మర్నాటికి వాంతులు, తలనొప్పని ఏడుపు, వెలుతురు చూడలేక మొహం అమ్మ పొట్టలో దాచుకునేది. మళ్ళీ నూరాను. ఈసారి ఏడు కాదు, ఇరవై ఒకటి తిప్పాను. నాలిక చాపవే అంటే చాపలేదు. ఎప్పుడూ అడక్కుండానే చాపే పిల్ల. అమ్మ దాని దవడలు నొక్కితే నేను రాశాను. మెడ తిప్పబోతే గట్టిగా అరిచింది. నాయనమ్మ మాత్రం అరుగు మీద నిబ్బరంగా కూచుని వచ్చినవాళ్ళందరికీ "తగ్గిందమ్మా, మా బుజ్జికి తగ్గింది" అని చెబుతోంది.

మూడో రోజు తెల్లవారగానే నాన్న కళ్ళం నుంచి వచ్చాడు. నాయనమ్మని అడిగితే తగ్గిందంది. అమ్మని అడిగితే తలొంచుకుని తగ్గిందంది. నాన్న పిల్లని చూద్దామని గది గుమ్మం దాకా వెళ్ళాడు. కళ్ళం దుమ్ముతో, స్నానం లేకుండా పన్ను రాసిన పిల్లని ముట్టకూడదని నాయనమ్మ కేకేసింది. ఆయన అక్కడే ఆగిపోయి, నన్ను సైగ చేసి పెరట్లో గడ్డిమేటు వెనక్కి తీసుకెళ్ళాడు. "రాజ్యం, నాకు పన్ను మాట వద్దు. నిజం చెప్పమ్మా. బుజ్జి ఒళ్ళు ఎలా ఉంది? బండి కట్టించమంటావా? పాలకొల్లు ఆస్పత్రికి తీసుకెళ్ళిపోతాను, నూర్పులు ఆగిపోయినా పర్లేదు" అన్నాడు. ఆయన మొహం ఇప్పటికీ నాకు కనపడుతుంది. పెద్దవాళ్ళెవరూ నిజం చెప్పరని, నేను చెబుతానని, నన్ను నమ్ముకుని నిలబడ్డాడు.

నేను "తగ్గింది నాన్నా" అన్నాను. "ఒట్టేనా?" అన్నాడు. "ఒట్టు. ఒళ్ళు చల్లబడింది. ఇందాక నన్ను మంచినీళ్ళు కూడా అడిగింది" అన్నాను. తగ్గిందనమని నియమం ఉంది, సరే. మంచినీళ్ళడిగింది అన్న ముక్క నన్నెవరు కల్పించమన్నారు? ఎవరూ అనలేదు. బండి కట్టారంటే పన్ను ఓడిపోయినట్టు ఊరందరికీ తెలుస్తుంది. రేపటినుంచి నా అరుగు దగ్గరికి ఎవరొస్తారు? నన్ను మీరు అని ఎవరంటారు? అంతే. ఇంకే కారణమూ లేదు. నమ్మకం వల్ల అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కొంత నమ్మకం కూడా ఉంది, కాదనను. కానీ పొద్దున నేను చెయ్యి వేసి చూశాను, దాని ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నాకు తెలుసు. నాన్న నా తల నిమిరి, ఎంత తేలికపడ్డాడో, చుట్ట ముట్టించుకుని కళ్ళానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బుజ్జికి మూర్ఛలొచ్చాయి. ఒకదాని మీద ఒకటి. ఎవరో కళ్ళానికి పరిగెత్తారు, బండి కట్టారు, రోడ్డెక్కి బస్సు ఆపి పాలకొల్లు తీసుకెళ్ళారు. ఆస్పత్రి వరండాలో డాక్టరుగారు కనురెప్పలెత్తి చూసి, మెడకింద చెయ్యిపెట్టి చూసి, "నిన్న తెచ్చారు కాదేమండీ? కనీసం పొద్దున్న తెచ్చినా ప్రయత్నం చేసేవాణ్ణి" అన్నాడట. ఆ మాట నేను వినలేదు, వెంట వెళ్ళిన పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారు. దీపాలు పెట్టే వేళకి పిల్లని నాన్న భుజం మీద వేసుకుని ఇంటికి తీసుకొచ్చేశాడు. నిద్రపోతున్న పిల్లని తెచ్చినట్టే తెచ్చాడు. నాయనమ్మ ఇంకా అరుగు మీదే ఉంది, అలవాటైన నోరు, "తగ్గిందా?" అంది.

నాన్న పిల్లని అమ్మకిచ్చి లోపలికెళ్ళి, గూట్లోంచి పన్ను తీసుకుని, కాలవగట్టెక్కి బలంకొద్దీ విసిరాడు. కాలవలో నీళ్ళు లేవు, అక్కడక్కడా బురదగుంటలు. ఎక్కడ పడిందో చప్పుడు కూడా కాలేదు. వెనక్కొస్తూ నా పక్కనుంచే వెళ్ళాడు, నావైపు చూశాడు, కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచీ పోయేదాకా మా నాన్న నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అతిశయోక్తి కాదండీ, నిజంగానే. "అది అన్నం తిన్నదా?" అని అమ్మని అడిగేవాడు. పరీక్ష ఎలా రాసిందో అమ్మని అడిగేవాడు. పెళ్ళిచూపుల్లో ఆ కుర్రాడు నచ్చాడో లేదో కూడా అమ్మ చేతే అడిగించాడు. నాతో మాట్లాడేవాడు, ప్రేమగానే మాట్లాడేవాడు, కానీ జవాబు చెప్పాల్సిన మాట ఏదీ నన్ను అడగలేదు. కొట్టి ఉంటే ఎంత బావుండేది! నాయనమ్మ ఇంకో రెండేళ్ళు బతికింది, ఎవరి పిల్లకీ వసకొమ్ము కూడా రాయలేదు. వెతుక్కుంటూ వచ్చిన తల్లులకి వాలి తన పన్ను తాను పట్టుకుపోయాడని చెప్పి పంపేసేది.

తరవాత నేను చదువుకున్నాను, రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. కోతి నుంచి మనిషిదాకా బొమ్మలున్న పాఠం ఏటా వచ్చేది. పుస్తకంలో లేకపోయినా నేను పిల్లలకి ఒక ముక్క ఎక్కువ చెప్పేదాన్ని. లక్షల ఏళ్ళ కిందట చైనా అడవుల్లో జైగాంటోపిథెకస్ అని తోకలేని మహావానరం ఒకటుండేది, ఇంతవరకు భూమ్మీద పుట్టిన వానరాల్లో అంత పెద్దది లేదు, నిలబడితే మన తరగతి గది పైకప్పు తగిలేదేమో అని. దాని సంగతి లోకానికి ఎలా తెలిసిందో చెబితే పిల్లలు నోరెళ్ళబెట్టేవారు. చైనా మందుల కొట్టులో డ్రాగన్ పళ్ళని అమ్ముతున్న జాడీలో ఒక శాస్త్రవేత్తకి దాని పన్ను దొరికింది. ఆ ముక్క చెప్పి నల్లబల్ల వైపు తిరిగి ముక్కు చీదుకునేదాన్ని. మేడంకి జలుబు చేసిందనుకునేవారు పిల్లలు. మా ఇంట్లో ఉన్నదీ అదేనేమోనని నాకు ఎన్నో ఏళ్ళుగా అనుమానం. కానీ కాలవలో పోయిన దాన్ని ఎవరికి చూపించను?

అందుకని పౌడరు డబ్బాలో అది దొరకగానే, నెల మాసికం కూడా కాకుండానే, బస్సెక్కి రాజమండ్రి వచ్చి నాకు తెలిసిన జియాలజీ మేడం ఇంటికి పరిగెత్తాను. ఆవిడా రిటైరైన మనిషే, పాత ఎముకలంటే ప్రాణం. నాకేం కావాలో అప్పుడు నాకే తెలీదు. గేదె పన్నని తేలితే, మా తాతయ్య మోసపోయి మమ్మల్ని మోసం చేశాడని ఆయన మీద పడి ఏడవొచ్చు. ఆ మహావానరందే అని తేలితే, కనీసం దానికి ఒక పేరుంటుంది, నా చెల్లెల్ని పొట్టన పెట్టుకున్నదాని పేరు ఇదీ అని తెలుస్తుంది. ఏదో ఒకటి తేలితే చాలనిపించింది.

మేడం భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. పక్కలు చూసింది, అడుగు చూసింది. "వేళ్ళు లేకపోవడం కరెక్టే. ముళ్ళపందులు కొరికేస్తాయి. ఆ మహావానరం ఎముకలన్నీ అవే కొరికి తినేశాయంటారు, అందుకే పళ్ళూ మూడు నాలుగు దవడలూ తప్ప లోకంలో దానిది ఇంకేం మిగల్లేదు. సైజు కూడా సరిపోతుంది" అంది. తరవాత పన్నుని తిరగేసి, నున్నగా అద్దంలా ఉన్న పైభాగం మీద వేలు పెట్టి ఆగిపోయింది. "ఇది ఎవరండీ ఇలా అరగదీసింది? నమిలే వైపు గుట్టలు గుట్టలుగా ఉంటుంది, ఆ గుట్టలు చూసే ఇది ఫలానా జంతువని చెప్పాలి. మిగతాది ఎవరిదైనా కావొచ్చు. ఉన్న ఒక్క ఆధారం పోయిందండీ" అంది. నేనేనండీ అన్నాను. మాట తేలికచేద్దామని ఆవిడ, హిమాలయాల్లో మంచుమనిషి కనపడ్డాడని చెప్పుకునే కథలన్నీ ఈ జంతువు గురించేనని కొందరి నమ్మకం, అది ఇంకా ఎక్కడో బతికే ఉందంటారు అంది. "లేదండీ, చచ్చిపోయింది" అన్నాను కాస్త పెడసరంగానే. కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను. నాయనమ్మ వాలి కథ, చైనావాళ్ళ డ్రాగన్ కథ, మంచుమనిషి కథ, పాపం ఆకులూ వెదుళ్ళూ తినే ఆ నోరులేని జంతువు మీద ఎన్ని కథలు! అసలది ఎలా ఉండేదో చెప్పే ముఖం మాత్రం నా చేతుల్లో అరిగిపోయింది. నేను ముట్టుకున్నవన్నీ ఇంతేననిపించింది.

అమ్మ నెల మాసికానికి మళ్ళీ ఊరెళ్ళాను. ఇప్పుడు మా ఊళ్ళో కళ్ళాలు లేవు, నూర్పులు లేవు. నాన్న చేలన్నీ చేపల చెరువులు, రోజంతా నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు, చేపల మేత వాసన. పద్మ మనవరాలికి ఆ రోజు ఒళ్ళు కాస్త వెచ్చబడితే, పద్మ గబగబా థర్మామీటరు పెట్టి, అంకె చూసి, ఫోన్లో డాక్టరమ్మకి చెప్పి, పావుగంటలో మందు పోసేసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నేను ఆ థర్మామీటరు చేతిలోకి తీసుకుని చూస్తూ కూచున్నాను. ఇంతుంది. ఇలాంటిది ఒక్కటి ఆ రోజు మా ఇంట్లో ఉంటే నా నోటితో ఎవరికీ పని ఉండేది కాదు.

భోజనాలయ్యాక ఇద్దరం వరండాలో గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూచున్నాం. "ఆ పన్ను ఏమందండీ మీ మేడంగారు?" అంది పద్మ. ఏమీ తేలలేదన్నాను. "నేను మీకొకటి చెప్పాలండీ. అత్తయ్యగారు పోయేముందు చెప్పారు, ఎవరికీ చెప్పొద్దన్నారు గానీ, మీకు కాక ఎవరికి చెబుతాను" అంది. పన్ను నాన్న విసిరేసిన మర్నాడు, అందరూ శ్మశానం పనుల్లో ఉండగా, మా అమ్మ కాలవలోకి దిగి బురదంతా చేతులతో కెలికి దాన్ని వెతికి తెచ్చిందట. ఎందుకత్తయ్యా ఆ పాడు పన్ను అని పద్మ అడిగితే, "నా బిడ్డ నోట్లో ఆఖరున పడింది అదేనే, నీళ్ళు కూడా తాగలేదు" అందట. నీళ్ళు కూడా తాగలేదు!

"ఇంకో మాట అని ఏడ్చారండీ. ఆ పొద్దున్న గేదె దగ్గర పాలు తీస్తుంటే, గడ్డిమేటు వెనక మామయ్యగారు బండి కట్టించమంటావా అని ఎవరినో అడగడం విన్నారట. వాళ్ళు తగ్గిందన్నారట. 'అప్పుడే పిల్లని దించి వచ్చాను, నా చేతులకి ఇంకా దాని వేడి తగుల్తూనే ఉంది, ఒక్క అంగ వేసి ఆయనకి చెప్పాల్సింది, అత్తగారికి భయపడి చెంబులోకి పాలు పిండుతూ కూచున్నాను, నా బిడ్డని నేనే చంపుకున్నాను పద్మా' అన్నారండీ. ఎవరినడిగారత్తయ్యా అంటే చెప్పలేదు. ఎవరైతే ఏంటిలే, తప్పు నాదే అన్నారు."

చెరువుల వైపునుంచి ఏరేటర్లు మోగుతూనే ఉన్నాయి. మా అమ్మ, నేను. ఒకే ఇంట్లో పదేళ్ళు, ఆ తరవాత ప్రతి సెలవులకీ ఒకే గదిలో, పక్కపక్కన. నేను చంపానని నేను, తను చంపానని తను. ఆవిడ విన్నది నా మాటే. నా గొంతు ఆవిడకి తెలీదా? తెలిసి, చచ్చేదాకా నా పేరెత్తలేదు. నా తలకి నూనె రాసింది, పురిటికొస్తే నాకు పథ్యం వండిపెట్టింది, ఒక్కనాడు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఒక్కసారి ఇద్దరం కూచుని ఆ పిల్లని తల్చుకుని ఏడ్చి ఉంటే ఏం పోయేది? ఆవిడ కాటికెళ్ళాక నాకు తెలిసింది.

"నన్నేనే పద్మా" అన్నాను. "నాన్న అడిగింది నన్నే. పన్ను మాట వద్దు, నిజం చెప్పు అన్నాడు. తగ్గిందని ఒట్టేశాను."

పద్మ చేతిలో పని ఆపేసింది. అప్పుడు మీరు చిన్నపిల్ల కదండీ, మీకేం తెలుసు అంటుందేమోనని నాకు భయమేసింది. ఆ మాట నేను వినలేను. పద్మ నా మొహం చూసి, కళ్ళు నీళ్ళు పెట్టుకుని, తనకి తోచినట్టే అంది.

"అయ్యో వదినగారూ. అప్పుడు మీరు నిజం చెప్పుంటే బతికేదేమో కదండీ."

"బతికేదే" అన్నాను.